మేడ మీద ట్యాంకు నిండగానే కూత పెట్టే మైక్రోబిట్: ఇంట్లోనే చేసుకోవడం ఎలా

మోటారు వేసి మర్చిపోతున్నాం, చిన్న కంప్యూటరుతో ఏమైనా చేయొచ్చా అని అమలాపురం నుంచి భీమవరం దాకా చాలామంది అడుగుతున్నారు. చేయొచ్చు, మైక్రోబిట్ అనే అరచేతిలో పట్టే చిన్న బోర్డుతో. పక్కింటివాళ్ళు "ఏమండీ, మీ ట్యాంకు పొర్లిపోతోందండీ" అని కేకేసేదాకా ఆగక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక ఒక్కో బిందె ఎంత విలువో డెల్టాలో ఉన్నవాళ్ళకి చెప్పేదేముంది.

ఎలక్ట్రానిక్స్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళూ ఒక ఆదివారం కూర్చుంటే ఇది పూర్తవుతుంది. ప్రోగ్రాము అరగంట పని. మిగతా సమయమంతా మేడ మీద వైరుకీ, గొట్టానికీ, అతుకుకీ పోతుంది. చాలామందికి చెడేది కూడా అక్కడే. అందుకే ఇక్కడ ప్రోగ్రాము గురించి తక్కువ, వైరు గురించి ఎక్కువ ఉంటుంది.

ముందే ఒక మాట. ఇది కూత పెడుతుందంతే, మోటారుని ఆపదు. "రిలే పెట్టి మోటారు కూడా కట్టించేయొచ్చు కదా" అని అడిగేవాళ్ళకి జవాబు: మొదటి ప్రాజెక్టుగా వద్దు. రిలే అంటే బోర్డు చెప్పినట్టు మోటారు కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. 10 ఆంపియర్లని రాసి ఉన్న చిన్న నీలం రిలే ఆ దెబ్బకి లోపల అతుక్కుపోతే మోటారు ఇక ఆగదు. పైగా అది 230 వోల్టుల పని, తడి చేతుల చోటు. అది కాంటాక్టరు (మోటార్లకి వాడే పెద్ద రిలే) పెట్టి ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. ఈ ప్రాజెక్టు నడిచేది రెండు సెల్స్ ఇచ్చే 3 వోల్టుల మీదే.

రాస్ప్‌బెర్రీ పై ఎందుకు కాదు?

ఇంట్లో ఉంటే వాడొచ్చు, కానీ ఈ పనికోసం కొనొద్దు. అది లైనక్స్ నడిపే పూర్తి కంప్యూటరు. సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా కరెంటు పోతూ వస్తూ ఉంటే ఎస్‌డీ కార్డులో ఫైళ్ళు పాడవుతాయి. మన ఊళ్ళలో కరెంటు సంగతి తెలిసిందే. మైక్రోబిట్‌లో ఆపరేటింగ్ సిస్టమూ ఎస్‌డీ కార్డూ ఉండవు. స్విచ్ వేయగానే ప్రోగ్రాము నడుస్తుంది, తీసేస్తే ఆగుతుంది. ఎన్నిసార్లు తీసి వేసినా దానికేం కాదు. బ్రిటన్‌లో బడిపిల్లల కోసం 2016లో వచ్చిన బోర్డు ఇది. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో స్పీకరు కూడా ఉంది, మనకి కావలసింది అదే. బోర్డు వెనక చిన్న నల్ల స్పీకరు, ముందు వైపు బంగారు రంగులో లోగో కనిపిస్తే రెండో వెర్షన్ అని గుర్తు.

కావలసినవి

- మైక్రోబిట్ రెండో వెర్షన్, ఒకటి
- స్విచ్ ఉన్న రెండు సెల్స్ పెట్టె, తెల్ల ప్లగ్గుతో. ట్రిపుల్‌ఏ కంటే డబుల్‌ఏ సెల్స్ పెట్టె మేలు, ఎక్కువ రోజులు వస్తుంది
- ఆల్కలైన్ సెల్స్ రెండు. గోడ గడియారానికి వేసే చవక సెల్స్‌తో కూత నీరసంగా వస్తుంది
- నిలువు ఫ్లోట్ స్విచ్ ఒకటి. వేలెడంత కాడ, దాని మీద జారే చిన్న తేలుడు బిళ్ళ, రెండు వైర్లు. ప్లాస్టిక్‌దే తీసుకోండి. తీరం వైపు బోర్లలో చాలాచోట్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, చవక స్టీలు అందులో మచ్చలు పడిపోతుంది
- రెండు పోగుల సన్న రాగి వైరు, ట్యాంకు నుంచి బోర్డు పెట్టే చోటు దాకా కొలిచి ఇంకో 2 మీటర్లు అదనంగా. పాత ఇంటర్నెట్ కేబులు ఉంటే అందులో రెండు పోగులు చాలు
- 20 మిల్లీమీటర్ల పీవీసీ కరెంటు గొట్టం ఒక అడుగు, దానికి ఎండ్ క్యాప్ ఒకటి
- మూత ఉన్న ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు ఒకటి, చిన్నది
- అక్వేరియం సిలికాన్ ట్యూబు. తాగే నీళ్ళ ట్యాంకు కాబట్టి మామూలుది వద్దు
- 3 మిల్లీమీటర్ల బోల్టులు, నట్లు రెండేసి
- ఊడదీసి పెట్టుకునే రెండు పిన్నుల కనెక్టరు జత
- ఊడిపోని కేబుల్ టైలు, వేడికి ముడుచుకునే స్లీవ్, మొసలి క్లిప్పుల వైరు ఒకటి
- సోల్డరింగ్ ఐరన్ (వైర్లు అతికే వేడి ముల్లు), మల్టీమీటరు (వైరు కలిసిందో లేదో చూసే మీటరు). కొనక్కర్లేదు, మీ ఊరి టీవీ రిపేరు కొట్లో అడిగితే పది నిమిషాల్లో అతికించి ఇస్తారు

బోర్డుని మొబైల్ ఛార్జర్‌కో పవర్ బ్యాంకుకో తగిలించొద్దు. తయారీదారులే వద్దంటున్నారు, బోర్డు దెబ్బతినొచ్చు. పైగా ఇది లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో చాలా పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. 9 వోల్టుల సెల్లు, ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన లిథియం సెల్లు అసలే వద్దు. నిండుగా ఉన్న లిథియం సెల్లు 4.2 వోల్టులు ఇస్తుంది, ఈ బోర్డు ఓర్చుకునేది 3.6 లోపే.

1. బల్ల మీద ముందు ప్రోగ్రాము

ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి మేక్‌కోడ్ మైక్రోబిట్ అని వెతికితే మైక్రోసాఫ్ట్ వాళ్ళ పేజీ వస్తుంది. న్యూ ప్రాజెక్ట్ నొక్కండి. ఇక్కడ టైపు చేసేదేమీ లేదు, రంగు రంగుల దిమ్మలు లాగి ఒకదానిలో ఒకటి ఇరికించడమే.

"వేరియబుల్స్"లో లెక్క అనే పేరుతో ఒకటి చేసుకోండి. తర్వాత:

"ఆన్ స్టార్ట్" దిమ్మలో వరసగా మూడు: "సెట్ పుల్ పిన్ పీ1 టు అప్", "సెట్ వాల్యూమ్ 255", "సెట్ లెక్క టు 0". పీ1 అంటే బోర్డు కింద అంచున 1 అని రాసి ఉన్న కన్నం, ఫ్లోట్ వైరు కలిపేది అక్కడే. మొదటిది "అడ్వాన్స్‌డ్" తెరిచాక "పిన్స్" కింద ఉన్న "మోర్"లో దొరుకుతుంది. చాలామంది వదిలేసేది దీన్నే. ఇది లేకపోతే వైరు తెరిచి ఉన్నప్పుడు పిన్ను 1 చూపిస్తుందన్న నమ్మకం లేదు.

"ఫరెవర్" దిమ్మలో:

ముందు "ఇఫ్–ఎల్స్" ఒకటి. షరతు: "డిజిటల్ రీడ్ పిన్ పీ1" సమానం 1. 1 అంటే ఫ్లోట్ బిళ్ళ పైకి లేచి వైరు విడిపోయిందని. నిజమైతే "చేంజ్ లెక్క బై 1". కాకపోతే "సెట్ లెక్క టు 0".

దాని కింద "పాజ్ 200".

ఆ కింద ఇంకో "ఇఫ్–ఎల్స్". షరతు: లెక్క 15 కంటే ఎక్కువ. నిజమైతే "షో ఐకాన్"లో ఇంటూ గుర్తు, దాని కింద "ప్లే టోన్ హై సీ ఫర్ 1 బీట్". కాకపోతే "లెడ్" కింద ఉన్న "టోగుల్" దిమ్మ, ఎక్స్ 2, వై 2.

చివరగా విడిగా "ఆన్ బటన్ ఏ ప్రెస్డ్" దిమ్మ పెట్టి అందులో "సెట్ వాల్యూమ్ 0". కూత విన్నాక నోరు మూయించడానికి. మళ్ళీ స్విచ్ వేసినప్పుడు వాల్యూమ్ దానంతటదే 255కి వచ్చేస్తుంది, మర్చిపోయే ప్రమాదం లేదు.

15 దాకా ఎందుకు లెక్కపెట్టాలంటే, పైపులోంచి నీళ్ళు పడేటప్పుడు ట్యాంకులో అలలు లేస్తాయి, బిళ్ళ ఎగిరెగిరి పడుతుంది. సెకనుకు ఐదుసార్లు చూసి, మూడు సెకన్లపాటు వరసగా పైనే ఉంటేనే నిండినట్టు లెక్క. ఒక్కసారి కిందికి దిగినా లెక్క 0కి పోతుంది.

మామూలుగా నడిచేటప్పుడు "టోగుల్" బదులు "షో ఐకాన్" పెట్టేవాళ్ళున్నారు. ఆ దిమ్మ ఒక్కోసారి 600 మిల్లీసెకన్లు తినేస్తుంది, దాంతో మూడు సెకన్లు కాస్తా పన్నెండు అవుతాయి. టోగుల్‌కి ఆ జాప్యం లేదు. మధ్య చుక్క మినుకుమినుకుమంటుంటే బోర్డు బతికే ఉందని గుర్తు.

ఇంకో పొరపాటు: "ఆన్ పిన్ పీ1 ప్రెస్డ్" అనే దిమ్మ చూసి అదే అనుకుని వాడడం. అది వేలితో ముట్టుకోవడానికి. దీనికి పనికిరాదు.

2. బోర్డులోకి ఎక్కించడం

యూఎస్‌బీ కేబులుతో తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా మైక్రోబిట్ అనే డ్రైవ్ కనిపిస్తుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలుని అందులోకి లాగి వదిలేయండి. వెనక లైటు గబగబా మెరిసి ఆగాక ప్రోగ్రాము మొదలవుతుంది.

డ్రైవ్ కనిపించలేదా? పదికి తొమ్మిది సార్లు తప్పు కేబులుదే. ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు ఇంట్లో నాలుగైనా ఉంటాయి, వాటితో లైటు వెలుగుతుంది కానీ డ్రైవ్ రాదు. ఇంకో కేబులు పెట్టి చూడండి. డ్రైవ్ పేరు మెయింటెనెన్స్ అని వచ్చిందంటే తగిలించేటప్పుడు వెనక బటన్ నొక్కి పట్టుకున్నారన్నమాట. ఊడదీసి ఏ బటనూ ముట్టుకోకుండా మళ్ళీ పెట్టండి.

ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఆండ్రాయిడ్ ఫోనులో మైక్రోబిట్ యాప్ వేసుకుని బ్లూటూత్ మీద ఎక్కించుకోవచ్చు. జత కలపడానికి ఏ, బీ రెండు బటన్లూ నొక్కి పట్టుకుని వెనక రీసెట్ ఒకసారి నొక్కి వదలాలి. కాస్త నిదానం, కానీ పనవుతుంది.

3. మేడ ఎక్కకముందు చేయాల్సిన పరీక్ష

బోర్డుని లైట్ల వైపు మీకు కనిపించేలా పట్టుకుంటే, కింద అంచున ఎడమ నుంచి కుడికి ఐదు పెద్ద కన్నాలు: 0, 1, 2, 3వీ, గ్రౌండ్. చివరి రెండూ పక్కపక్కనే ఉన్నాయి, జాగ్రత్త. క్లిప్పు జారి ఆ రెంటినీ కలిపిందంటే సెల్స్ వేడెక్కిపోతాయి.

మొసలి క్లిప్పుల వైరు ఒక కొస 1కి, ఇంకో కొస గ్రౌండ్‌కి తగిలించి స్విచ్ వేయండి. చుక్క మినుకుమనాలి, చప్పుడు ఉండకూడదు. ఒక క్లిప్పు తీసేయండి. మూడు సెకన్లలో కూత మొదలవ్వాలి. మళ్ళీ పెడితే ఆగాలి. ఇంటూ గుర్తు మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. ఒకసారి నిండిందన్న ఆనవాలుగా ఉండనివ్వండి.

ఇది సరిగ్గా జరగకపోతే మేడ ఎక్కొద్దు. పైన ఏ తప్పు వచ్చినా అది బోర్డుదో వైరుదో తేలక రెండు గంటలు పోతాయి.

4. ఫ్లోట్ తిరగేయడం

కూత రావాల్సింది వైరు కలిసినప్పుడా, విడిపోయినప్పుడా? విడిపోయినప్పుడే రావాలి. ఎందుకంటే ఎలుక కొరికినా, కోతులు లాగి తెంపినా, అతుకు ఊడినా వైరు విడిపోతుంది. అప్పుడు కూత వస్తే మీకు తెలుస్తుంది. అలా కాకుండా కలిసినప్పుడు కూసేలా పెట్టుకుంటే తెగిన సంగతి ట్యాంకు పొర్లాకే తెలుస్తుంది.

ఫ్లోట్‌ని మర భాగం పైకి, కాడ కిందికి వేలాడేలా పట్టుకోండి. ట్యాంకులో ఉండబోయేది అలాగే. మల్టీమీటరు బీప్ మీద పెట్టి రెండు వైర్లకీ ముళ్ళు ఆనించండి. బిళ్ళ కింద ఉన్నప్పుడు బీప్ రావాలి, వేలితో పైకి జరిపితే ఆగాలి.

అటుదిటుగా ఉంటే స్విచ్ పాడైందని పారేయకండి. కాడ చివర సీ ఆకారంలో సన్న క్లిప్పు ఉంటుంది. దాన్ని సన్న స్క్రూడ్రైవరుతో తోసి, బిళ్ళని బయటికి తీసి, తలకిందులు చేసి మళ్ళీ ఎక్కించండి. బిళ్ళలో అయస్కాంతం ఒక చివరికి ఉంటుంది, అందుకే తిప్పితే పని తారుమారవుతుంది. ఆ క్లిప్పు తీసేటప్పుడు చేతులు ఒక పాలిథిన్ కవరులో పెట్టుకుని తీయండి. టప్పున ఎగిరిపోతే గదంతా ఊడ్చినా దొరకదు.

కాడ లోపల ఉండేది సన్న గాజు గొట్టం. నేల మీద పడేస్తే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పగిలి ఉంటుంది. పడితే మళ్ళీ మీటరు పెట్టి చూసుకోవాలి.

5. ఎంత ఎత్తులో పెట్టాలి

పొర్లే గొట్టం కింది అంచుకి 3 అంగుళాలు కిందన అని మొదలుపెట్టండి, తర్వాత మీ ట్యాంకుకి లెక్క చూసుకోండి. ట్యాంకు అడ్డుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, 0.785తో హెచ్చవేస్తే ట్యాంకు అడుగుభాగం వైశాల్యం వస్తుంది. దాన్ని 2.54తో (అంగుళానికి సెంటీమీటర్లు) హెచ్చవేసి 1000తో భాగిస్తే ఒక అంగుళం ఎత్తుకి ఎన్ని లీటర్లో తెలుస్తుంది. 105 సెంటీమీటర్ల ట్యాంకుకి ఒక అంగుళం ఎత్తు అంటే దాదాపు 22 లీటర్లు. 3 అంగుళాలకి 66.

ఇప్పుడు మీ మోటారు ఎంత పోస్తుందో చూడండి. ట్యాంకులోకి వచ్చే పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో లెక్కపెట్టండి. 30 సెకన్లయితే నిమిషానికి 40 లీటర్లు. అంటే కూత మొదలయ్యాక మీకు నిమిషంన్నర ఉంటుంది. మోటారు స్విచ్ దొడ్లో ఉండి, ఇంట్లో మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళే ఉంటే అది చాలదు, 5 అంగుళాలు వదలండి.

6. గొట్టంలో బిగించడం

ఎండ్ క్యాప్ నడిమధ్య ఫ్లోట్ మర పట్టేంత కన్నం వేయండి. చాలా ఫ్లోట్లకి 10 మిల్లీమీటర్లు సరిపోతుంది, కానీ మీ దాన్ని కొలిచాకే వేయండి. మర లోపలికి దూర్చి నట్టు చేత్తోనే బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. పానా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. వైర్లు గొట్టంలోంచి పైకి లాగి, క్యాప్ ఎక్కించి, నట్టు చుట్టూ, క్యాప్ అంచు చుట్టూ సిలికాన్ పూయండి. 24 గంటలు ఆరనివ్వాలి. వాసన పోకుండా నీళ్ళలో దించొద్దు.

ఫ్లోట్ వైరు గొట్టం దాటి పైకి రావాలి. గొట్టం లోపల అతుకు పెట్టకండి, ఎంత టేపు చుట్టినా సరే.

7. ట్యాంకులోకి దించడం

పగటిపూట, గాలి లేనప్పుడు, కింద ఇంకొకరు ఉండగా ఎక్కండి. మోటారు కట్టేసి ఉండాలి.

మరతో తిరిగే మూతకి గొట్టం బిగించకండి. మూత తిప్పిన ప్రతిసారీ వైరు మెలిపడి రెండు నెలల్లో తెగుతుంది. మూత పక్కన ట్యాంకు భుజం మీద 20 మిల్లీమీటర్ల కన్నం వేసి గొట్టం దించడం మంచిది. కన్నం వేసేటప్పుడు రాలే ప్లాస్టిక్ పొట్టు నీళ్ళలో పడకుండా లోపలి వైపు గుడ్డ పట్టుకోండి. నీళ్ళు పడే పైపుకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. పొర్లే గొట్టానికి మాత్రం ఏదీ అడ్డం పెట్టొద్దు.

కన్నం వేయడం ఇష్టం లేనివాళ్ళు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు లోపలికి దిగే పైపుకే గొట్టాన్ని రెండు కేబుల్ టైలతో కట్టేయొచ్చు. అక్కడ అలలు ఎక్కువ కాబట్టి ప్రోగ్రాములో 15 బదులు 25 పెట్టుకోండి.

8. అతుకు, వైరు

మొత్తం పనిలో నిదానంగా చేయాల్సింది ఇదొక్కటే.

ట్యాంకు బయట, ఎండా వానా నేరుగా పడని వైపు జంక్షన్ బాక్సు పెట్టండి. ఫ్లోట్ వైర్లకీ పొడుగు వైరుకీ తొడుగు ఒలిచి, మెలిపెట్టి, సోల్డర్ చేసి, ఒక్కో పోగుకి విడివిడిగా స్లీవ్ వేసి వేడి చేయండి. రెండు అతుకులూ ఎదురెదురుగా కాకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలి. వైర్లు బాక్సులోకి కింది వైపు నుంచే దూరాలి, అదీ ఒక వంపు తిరిగి. వైరు ముందు బాక్సు కంటే కిందికి దిగి, మళ్ళీ పైకెక్కి లోపలికి వెళ్ళాలి. వాన నీళ్ళు వైరు పట్టుకుని జారి, ఆ వంపు దగ్గర బొట్టుబొట్టుగా కింద పడిపోతాయి. వంపు లేకపోతే అవే నీళ్ళు సరాసరి బాక్సులోకి చేరతాయి.

దీనికింత పట్టు ఎందుకంటే, వైరు తెగితే కూత వస్తుందని చెప్పుకున్నాం. కానీ అతుకులోకి ఉప్పు తడి చేరి రెండు పోగులూ కలిస్తే, బోర్డుకి బిళ్ళ కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా కిమ్మనదు. ఈ పద్ధతి పట్టుకోలేని తప్పు ఇదే. సముద్రపు గాలి తగిలే రాజోలు, నరసాపురం వైపు ఉత్త టేపు చుట్టిన అతుకు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

పొడుగు వైరుని నీళ్ళ పైపు వెంట కట్టి దించండి. కరెంటు వైర్లు వెళ్ళే గొట్టంలోంచి మాత్రం లాగొద్దు. ప్రమాదం, పైగా మోటారు వేసినప్పుడల్లా దొంగ కూతలు వస్తాయి. కోతుల బెడద ఉన్న వీధుల్లో పిట్టగోడ మీద కనిపించే భాగాన్ని పీవీసీ గొట్టంలో దాచండి.

9. కింద బోర్డుకి కలపడం

మొసలి క్లిప్పులు పరీక్షకే. మన తేమకి నెలలోపే తుప్పు పట్టి వదులవుతాయి. చిన్న వైరు ముక్కలు రెండు తీసుకుని ఒలిచిన కొసలు బోల్టు చుట్టూ చుట్టి, 1 కన్నానికి ఒకటి, గ్రౌండ్ కన్నానికి ఒకటి నట్టుతో బిగించండి. బోల్టు తల పక్క బంగారు గీతల మీదికి పోకుండా చూసుకోండి. ఆ ముక్కల రెండో కొసకి కనెక్టరు సగం, మేడ మీంచి వచ్చిన వైరుకి మిగతా సగం.

కనెక్టరు ఎందుకంటే పిడుగుల కోసం. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట ఈదురుగాలి లేచి ఉరుములు మొదలైతే, మేడ మీంచి ఇంట్లోకి దిగిన వైరు మంచిది కాదు. మోటారు కట్టేయగానే కనెక్టరు ఊడదీసే అలవాటు చేసుకోండి. ఉరుముతున్నప్పుడు అది తగిలించే ఉంటే దాని జోలికి వెళ్ళొద్దు, బోర్డు పోతే పోయింది.

రోజూ చేసేది ఇంతే: కనెక్టరు పెట్టి, బోర్డు స్విచ్ వేసి, ఆ తర్వాత మోటారు వేయడం. మోటారు నడిచినంతసేపే బోర్డు నడుస్తుంది కాబట్టి సెల్స్ కూడా చాలాకాలం వస్తాయి. బోర్డుని ఒక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మోటారు స్విచ్ పక్కనే గోడకి తగిలిస్తే మర్చిపోరు, కానీ కూత వినిపించేంత దూరంలోనే ఉందో లేదో చూసుకోండి. స్పీకరు చిన్నది. టీవీ మోగుతున్న గదిలోంచి వినపడకపోతే పెట్టెకి స్పీకరు ఎదురుగా నాలుగు కన్నాలు వేయండి.

పనిచేస్తోందని తేల్చుకోవడం

మూడు పరీక్షలు, ఈ వరసలోనే.

కనెక్టరు ఊడదీసి బోర్డు స్విచ్ వేయండి. మూడు సెకన్లలో కూయాలి. తగిలించండి, ఆగాలి. ఆగకపోతే పైన ఎక్కడో వైరు తెగింది, లేదా ఫ్లోట్ తిరగేయలేదు.

ఒకరిని మేడ మీదికి పంపి బిళ్ళని వేలితో ఎత్తి పట్టుకోమనండి. కూయాలి. కూయకపోతే కనెక్టరు ఊడదీసి చూడండి. అప్పుడు కూసిందంటే తప్పు పైనే, అతుకులో తడి చేరింది లేదా రెండు పోగులు ఆనుకున్నాయి. బాక్సు తెరవండి.

ఆఖరున నిజంగా నీళ్ళతో. కూత మొదలైన క్షణం నుంచి పొర్లడం మొదలయ్యేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూడండి. మీ లెక్కకి దగ్గరగా లేకపోతే గొట్టం ఎత్తు సరిచేయండి.

రెండో పరీక్షని నెలకోసారి చేయాలి. అప్పుడే బిళ్ళని గుడ్డతో తుడవండి. కాలువ నీళ్ళ ట్యాంకుల్లో నాచు, ఒండ్రు పట్టి జిగురుగా తయారవుతుంది. ఉప్పు బోరు నీళ్ళలో తెల్ల పెచ్చు కడుతుంది, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. జిగురు పట్టిన బిళ్ళ కిందే అతుక్కుని ఉండిపోతుంది. అప్పుడూ కూత రాదు.

వైరు దించే వీలు లేకపోతే

ట్యాంకు వేరే డాబా మీద ఉంటే రెండు మైక్రోబిట్లు తీసుకుని రేడియో మీద పంపొచ్చు. పైది ఫ్లోట్‌ని చూసి రెండు సెకన్లకోసారి 0 గానీ 1 గానీ "రేడియో సెండ్ నంబర్"తో పంపుతుంది, కిందది విని కూస్తుంది. రెండింటి "ఆన్ స్టార్ట్"లోనూ "రేడియో సెట్ గ్రూప్"కి ఒకే అంకె, 0 నుంచి 255 లోపు ఏదైనా పెట్టాలి. ఇది పెట్టకపోతే ఏ ప్రోగ్రాముకి ఆ ప్రోగ్రాము సొంతంగా ఒక గ్రూపు ఎంచుకుంటుంది. పైదీ కిందదీ వేరు వేరు ప్రోగ్రాములు కాబట్టి ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. "సెట్ ట్రాన్స్‌మిట్ పవర్" 7 పెట్టండి. ఆరుబయట 70 మీటర్ల దాకా అందొచ్చంటారు కానీ మధ్యలో శ్లాబు ఉంటే బాగా తగ్గిపోతుంది, మెట్ల వైపు పెట్టి చూడండి.

కింది బోర్డులో ఇంకో పని తప్పనిసరి. చివరి కబురు ఎప్పుడు వచ్చిందో "రన్నింగ్ టైమ్"తో గుర్తుపెట్టుకుని, 15 సెకన్లు ఏదీ రాకపోతే వేరే రకం కూత పెట్టాలి. లేదంటే పైన సెల్స్ అయిపోయినప్పుడు కింద నిశ్శబ్దంగా ఉంటుంది, మీరేమో ట్యాంకు ఇంకా నిండలేదనుకుంటారు.

పై బోర్డు రోజంతా నడుస్తూ ఉంటే సెల్స్ రోజుల్లో అయిపోతాయి, నెలలు రావు. అందుకే వైరు దించే దారి ఏ కొంచెం ఉన్నా వైరుకే ఓటు. రేడియోలో పిడుగు భయం ఒక్కటే తక్కువ.

మొదటి వెర్షన్ బోర్డు ఉన్నవాళ్ళకి

స్పీకరు లేదు కాబట్టి చిన్న పీజో బజరుని 0 కన్నానికీ గ్రౌండ్‌కీ కలపండి, ప్రోగ్రాము మార్చక్కర్లేదు. ఫ్లోట్‌ని 0కి కాకుండా 1కి కలపమన్నది కూడా ఇందుకే, చప్పుడు 0లోంచి బయటికి వస్తుంది. అయితే "సెట్ వాల్యూమ్ 0" పెట్టాక కూడా బజరు సన్నగా మోగుతుంటే స్విచ్ కట్టేయండి.